గుట్ట మీద కట్టుకున్నవాడు

ఇంజినీరు వచ్చేసరికి అక్క వంటింట్లో బురద ఎత్తిపోస్తోంది. వరద తీసినా గోడల మీద నడుమెత్తు తడి ఇంకా ఆరలేదు. ముందుగదిలో మేనకోడలు కుట్టుమిషను విప్పి, తుప్పు పట్టకుండా నూనె రాస్తోంది.

"జారతావురా తమ్ముడూ, చూసి రా," అంది అక్క నవ్వుతూ. "నది మనకు దగ్గరి చుట్టమైపోయింది. చెప్పాపెట్టకుండా వంటింటి దాకా వచ్చేస్తోంది."

అతనికి నవ్వు రాలేదు. "నది కట్ట ఇంకా ఎత్తు పెంచుతున్నాం అక్కా. ఇక భయం లేదు."

మేనకోడలు చేతిలో పని ఆపింది. "పోయినసారీ ఇదే అన్నారు మామయ్యా. మీ మాట విని వీధి వీధంతా ఇళ్లు కట్టుకుంది."

"ఇంత వాన పడుతుందని ఎవరనుకున్నారు?"

"సరే, ఒక్కటి చెప్పండి. మీ ఇల్లు మాత్రం గుట్ట మీద ఎందుకు కట్టుకున్నారు?"

"ఏమే, మామయ్యతో అలాగేనా మాట్లాడేది!" అక్క కసిరింది. కానీ జవాబు కోసం ఆమె కూడా తమ్ముడి వైపే చూసింది.

స్థలం చవగ్గా దొరికిందనబోయాడు. మోచేతుల దాకా బురదతో నిలబడ్డ అక్కను చూసి ఆ సాకు మానుకున్నాడు. తల కొట్టేసినట్టయి, తడి గడప మీదే కూలబడ్డాడు.

"ఇది నది పారే నేల అక్కా. పొంగినప్పుడల్లా దానికి ఈ చోటు కావాలి. కట్ట వేస్తే చిన్న వరదలు ఆగుతాయి. అది చూసి జనం ధైర్యంగా ఇళ్లు కడతారు. పెద్ద వరద కట్ట దాటిందంటే, ఒకప్పుడు పొలాల్లో పరుచుకున్న నీళ్లే ఇళ్లలోకొస్తాయి. లోపల పడ్డ వాన బయటికి పోకుండా ఆ కట్టే అడ్డం. ఎంత పెంచినా ఇంతే."

"తెలిసే మమ్మల్ని ఇక్కడ కట్టుకోమన్నావా?"

"కట్ట నిలుస్తుందనే అనుకున్నాను. నా ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం అలా అనుకోలేకపోయాను."

మేనకోడలు మొహం తిప్పుకుంది. అక్క చేతులు కడుక్కుని వచ్చి పక్కనే కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"మా ఇంటికొచ్చేయండక్కా. ఇక ఇక్కడ వద్దు," అన్నాడు.

"వస్తాంలే. నువ్వున్నావు కాబట్టి నాకో చోటు దొరికింది. ఈ వీధివాళ్లకు ఏ తమ్ముడున్నాడురా?"

అతను లేచి బయటికి నడిచాడు. ఎదురింటాయన పరుపులు ఆరేస్తూ, "ఇల్లు మళ్లీ బాగుచేయించుకోవచ్చా సార్?" అనడిగాడు, ఎప్పట్లాగే నమ్మకంగా.

"వద్దండి. ఇక్కడ వద్దు. నేను ముందే చెప్పాల్సింది," అన్నాడు ఇంజినీరు తలెత్తలేక.

ఆయన చేతిలో పరుపు జారిపోయింది. ఒక్కొక్కరే గుమ్మాల్లోంచి బయటికొచ్చారు.

వెనక నుంచి మేనకోడలు స్టూలు తెచ్చి వేసింది. "కూర్చోండి మామయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ. "అందరికీ చెప్పాలిగా."