మ్యాట్నీలో హంతకుడు, పక్క సీట్లో పెళ్ళికొడుకు

"ఏవండీ, అది నా సీటండీ."

జ్యోతిర్మయి టికెట్ చూపించి మరీ అంది. సీట్లో కూర్చున్న కుర్రాడు చటుక్కున లేచాడు.

"ఆయ్, మీదేనండీ. కూర్చోండి."

ఆమె కూర్చుంది. అతను వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. హాల్లో లైట్లు ఇంకా ఆర్పలేదు. ఎందుకో అనుమానం వచ్చి ఆమె టికెట్ మళ్ళీ చూసుకుంది. తనది పదకొండు. కూర్చున్నది పన్నెండులో.

"ఇది మీ సీటేగా?"

"ఆయ్, నాదేనండీ."

"మరి చెప్పరేం?"

"మీరంత నమ్మకంగా అడిగేరు కదండీ, కాదంటే బాగోదని..."

ఫోటోలో ఉన్న మీసం ఇక్కడ లేదు కాబట్టి గుర్తుపట్టడానికి ఇంతసేపు పట్టింది. మలికిపురం కొబ్బరి వ్యాపారి, పేరు సత్యప్రసాద్. ఈ పూట ఆమెను చూడటానికి వచ్చిన పెళ్ళికొడుకు.

అమలాపురంలో ఈ మ్యాట్నీకి ఒక వరసంతా బుక్ చేయించింది ఆమె తండ్రి సోమేశ్వరరావుగారు. పెళ్ళి కుదరాలని నిన్న రాత్రి మురమళ్ళ వీరేశ్వరస్వామి గుళ్ళో స్వామికి కల్యాణం చేయించి, ఇవాళ మధ్యాహ్నం రెండు కుటుంబాలూ కలిసి సినిమా చూస్తే పెళ్ళిచూపులని ఎవరూ అనుకోరు, సంబంధం తప్పినా నలుగురిలో మాట రాదు. అదీ ఆయన ఉపాయం.

సినిమా పేరు 'అట్లతద్ది'. పోస్టరు మీద పట్టుచీరల్లో ఆడపిల్లలు, పూలు చుట్టిన ఉయ్యాల. కుటుంబమంతా చూడదగ్గ చిత్రమని ఆయనే తేల్చేశారు. నలభై ఏళ్ళ కిందట ఇదే పేరుతో వచ్చిన పాత సినిమాని ఆయన చూడలేదు. ఆడవాళ్ళు హాల్లోంచి ఏడుస్తూ బయటికి వచ్చేవారని మాత్రం విన్నారు. ఎంత సెంటిమెంటో అనుకున్నారు.

ఆ ఏడుపులెందుకో జ్యోతిర్మయికి తెలుసు. పాత సినిమాని ఫోనులో పంతొమ్మిదిసార్లు చూసింది. తెల్లవారుజామున ఉయ్యాలలూగే ఆడపిల్లల్ని, కొబ్బరిపీచు ముసుగు వేసుకున్నవాడొకడు అట్లకాడతో ఒక్కొక్కరినే చంపేస్తాడు. మాట్లాడడు. పరిగెత్తడు. ఉయ్యాల కిర్రుకిర్రుమనడం ఆగిందంటే ఎవరో పోయినట్టే. అంతకన్నా భయంకరమైన పండగ సినిమా తెలుగులో రాలేదని ఆమె నమ్మకం.

ఇంత తెలిసీ తండ్రికి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే టికెట్లు రద్దు చేస్తారు. కొత్తగా తీసిన 'అట్లతద్ది' మొదటి వారంలోనే చూసెయ్యాలి. పెళ్ళికొడుకు సంగతి తర్వాత.

లైట్లు ఆరాయి. సత్యప్రసాద్ పదకొండో నంబరు సీట్లో ఒద్దికగా కూర్చున్నాడు.

మొదటి హత్య జరగ్గానే సోమేశ్వరరావుగారు ముందుకు వంగారు. "ఏంటమ్మా ఇది? పేరంటం ఏదీ?"

"వస్తుంది నాన్నా. ఇంకా మొదలేగా."

కానీ పది నిమిషాలు గడిచేసరికి జ్యోతిర్మయికే నీరసం వచ్చింది. హంతకుడికి ముసుగు లేదు. ముసుగేస్తే హీరో మొహం కనబడదని కాబోలు. నున్నగా దువ్విన జుట్టు, జిమ్ములో పెంచిన కండలు, చేతిలో నీలం లైటు వెలిగే బ్యాటరీ అట్లకాడ. చంపే ముందు ఇంగ్లీషులో పాట పాడతాడు. కథ జరిగేది కోనసీమలోనట. ఊరి వెనకాల పెద్ద కొండ.

"ఏ ఊరండీ అది? మన దగ్గర కొండెక్కడిది?" వెనక వరసలో ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

తర్వాత హీరోయిన్ కొబ్బరిచెట్టుకి కట్టిన ఉయ్యాల ఎక్కింది. సత్యప్రసాద్ వేళ్ళు సీటు చేతిని గట్టిగా పట్టుకోవడం జ్యోతిర్మయి ఓరకంట చూసింది.

'ఇతనికి తెలుస్తోంది,' అనుకుంది. మనసులో ఏదో చిన్నగా ఊగింది.

ఇంటర్వెల్‌లో అందరూ వరండాలోకి వచ్చారు. బయట వాన దంచుతోంది. అతను రెండు సమోసాలు పట్టుకుని, జల్లు ఆమె మీద పడకుండా అడ్డం నిలబడ్డాడు.

"సినిమా ఎలా ఉందండీ?" అని అడిగింది ఆశగా.

"ఆయ్, బాగుందండీ."

"సమోసా?"

"బాగుందండీ."

సమోసాలో బంగాళాదుంప చల్లబడి రాయిలా ఉంది.

"మా నాన్నగారు వేసిన ఈ ప్లాను?"

"చాలా బాగుందండీ."

"వాన?"

కుడి భుజం మీంచి నీళ్ళు కారుతున్నాయి. "బాగుందండీ."

"మీకు బాగోనిది ఈ లోకంలో ఏదైనా ఉందాండీ?"

అతను చాలాసేపు ఆలోచించాడు. "ఆలోచించుకుని చెబుతానండీ."

ఇంకెవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవారు. జ్యోతిర్మయికి నవ్వు రాలేదు. పది అడుగుల దూరంలో ఆమె పిన్ని సూర్యకుమారి, కాఫీ కప్పు పట్టుకుని వాన చూస్తోంది. తల్లి పోయాక జ్యోతిర్మయిని పెంచింది పిన్నే. పిన్ని భర్త పద్నాలుగేళ్ళ కిందట దోహా వెళ్ళాడు. మంచిమనిషి, ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. ఎప్పుడొస్తావని ఫోనులో అడిగితే, "ఆయ్, వచ్చే నెల వచ్చేస్తాను," అనేవాడు. మూడేళ్ళు అలా ప్రతి వచ్చే నెలా వస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఫోన్లు కూడా రాలేదు. అతనికి తెలిసిన పాత నంబరు పోకూడదని పిన్ని ఇప్పటికీ ఆ సిమ్ముకి రీఛార్జి చేయిస్తోంది.

అన్నీ బాగున్నాయనే మనిషి రేపు నువ్వు బాగున్నావంటే ఏం నమ్మాలి? వస్తానంటే ఏం నమ్మాలి? ఇతను ఇవాళ హాలు దాటి వెళ్ళేలోగా ఒక్కసారైనా "బాలేదు" అనకపోతే ఈ సంబంధం వద్దనెయ్యాలి. అంతే. ఆమె అతని మీంచి మొహం తిప్పుకుంది. నిర్ణయం తీసుకున్నాక గుండెలో నొప్పి ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాలేదు. పరిచయమై రెండు గంటలు కూడా కాలేదు కదా!

రెండో సగం మరీ అన్యాయం. ముప్పై అయిదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. హంతకుడు చిన్నప్పుడు అట్లతద్ది రోజున ఇంటింటికీ తిరిగాడట. ఒక్కరూ అట్టు పెట్టలేదట. అందుకని ఇప్పుడు వరసగా చంపేస్తున్నాడట. చివరికి హీరోయిన్ ఏడుస్తూ ఒక అట్టు తెచ్చి నోట్లో పెడుతుంది. వాడు అట్లకాడ కింద పడేసి "అమ్మా!" అంటాడు. పోలీసులు సెల్యూట్ కొడతారు.

సోమేశ్వరరావుగారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. సత్యప్రసాద్ తల్లి ఆదిలక్ష్మిగారు బాహాటంగానే ఏడ్చారు.

వాన తగ్గేదాకా అందరూ మళ్ళీ వరండాలో నిలబడ్డారు.

"ఆ కుర్రాడికి ముందే పెళ్ళి చేసేసుంటే ఆ పదకొండు హత్యలూ జరిగేవి కాదు అన్నయ్యగారూ," అన్నారు ఆదిలక్ష్మిగారు.

"మంచిమాట చెప్పేరమ్మా. ఇంత చక్కటి కుటుంబ కథ ఈమధ్య రాలేదు."

జ్యోతిర్మయి ఇక ఆగలేకపోయింది. "నాన్నా! అది హంతకుడి సినిమా! చూసి భయపడాలి. పాత సినిమాలో వాడెందుకు చంపుతున్నాడో ఎవరికీ తెలీదు, అందుకే భయం. వీళ్ళు వాడికి అట్టు తినిపించి పాడుచేసేరు."

"నీకన్నీ తప్పులే కనిపిస్తాయి. ఈ బాబుని చూసి నేర్చుకో, ఎంత నెమ్మదో!" సోమేశ్వరరావుగారు అతని వైపు తిరిగారు. "ఏం బాబూ, సినిమా బాగుంది కదా?"

అందరూ అతన్నే చూశారు. జ్యోతిర్మయి మాత్రం వాన వైపు చూసింది. ఆ జవాబు వినడం ఆమెకు ఇష్టం లేదు.

"ఆ..." అని ఆగిపోయాడు. "బాలేదండీ."

"ఏవన్నావురా?" అన్నారు తల్లి.

"అస్సలు బాలేదండీ!" కట్ట తెగినట్టు అందుకున్నాడు. "కొబ్బరిచెట్టుకి ఉయ్యాలేంటండీ! కొమ్మెక్కడుందండీ దానికి? మట్టకి కడితే మనిషి కూర్చోగానే మట్టతో సహా కింద పడుద్దండీ. ఇంక హంతకుడెందుకండీ? పాత సినిమా నేను పద్దెనిమిదిసార్లు మొదలెట్టేనండీ. ఒక్కసారీ పూర్తి చెయ్యలేదు. మూడో ఉయ్యాల ఆగగానే భయమేసి ఫోను మంచం కింద పడేస్తానండీ. అలాంటి సినిమాని ఇలా చేస్తారాండీ? సమోసా కూడా బాలేదండీ. వాన కూడా బాలేదు, చొక్కా తడిసిపోయింది. ఆ ఫోటోలో మీసం మా అమ్మ పెట్టుకోమంది, అదీ నాకు నచ్చలేదండీ!"

ఆదిలక్ష్మిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సోమేశ్వరరావుగారి మొహం ఎర్రబడింది.

"ఓహో! అయితే మా అమ్మాయి? అదీ బాలేదా?"



"ఆవిణ్ణి చూస్తే భయమేసిందండీ," అన్నాడతను మెల్లగా. "మొత్తం సినిమాలో నాకు భయమేసింది అక్కడొక్కచోటే. ఇంటర్వెల్‌లో ఆవిడ మొహం తిప్పుకున్నారండీ. ఇంక వద్దనేస్తారని తెలిసిపోయింది. రెండో సగమంతా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయండీ."

జ్యోతిర్మయి అతని వైపు తిరిగింది. నవ్వు పెదవుల దగ్గర ఆగలేదు.

"ఇంకా వణుకుతున్నాయాండీ?"

"ఇప్పుడింకా ఎక్కువయిందండీ."

ఆమె పకపకా నవ్వింది. టికెట్ల కిటికీ దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూశారు. "నాన్నా, నాకు ఇష్టమే," అంది, అంత నవ్వులోనూ స్పష్టంగా.

సోమేశ్వరరావుగారు కాసేపు కండువా సర్దుకున్నారు. "నిజంగానే మట్టకి కట్టేరా? నేను చూసుకోలేదే," అని గొణిగారు. తర్వాత పెద్దరికం తెచ్చుకున్నారు. "సరే, వచ్చే ఆదివారం మంచిరోజట. తాంబూలాలు పుచ్చుకోడానికి మీరంతా వచ్చెయ్యండి."

ఆదిలక్ష్మిగారు సంబరంగా నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు.

"ఆదివారం నేను రాలేనండీ. కొబ్బరికాయల లోడు వెళ్తుంది, దగ్గరుండాలి. గురువారం వస్తాను. పదిన్నరకి."

"కాబోయే మావగారికి అలా చెబుతారట్రా!" తల్లి అతని చెయ్యి గిల్లింది.

పొద్దుట్నుంచీ పెద్దగా మాట్లాడని సూర్యకుమారి, జ్యోతిర్మయి పక్కకు వచ్చి నిలబడింది. అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు నిబ్బరంగానే ఉంది.

"ఈ అబ్బాయి వస్తాడే, జ్యోతీ," అంది.