వచ్చేస్తుందండీ

"ఇందులో నా సీటు ఏది?"

భర్త ఆమెను అడిగాడు. వసారాలో గోడకు ఆనించి పెట్టిన పొడవాటి సైకిలును అతను రెండు చేతులతో తడుముతున్నాడు. ముందు చక్రం, హ్యాండిలు, ఒక సీటు... దాని వెనక ఇంకో హ్యాండిలు, ఇంకో సీటు! ఇద్దరు కలిసి తొక్కే జంట సైకిలు అది. సైకిల్ క్లబ్బు పెద్ద అయిన పళ్ల డాక్టరమ్మను వారం రోజులు బతిమాలి తెచ్చుకుంది.

"వెనకదండీ..." అంది ఆమె, నేల చూపులు చూస్తూ.

అంతే! అతని చేతులు చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేశాయి. గోడ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అప్పటిదాకా గడపలో కూర్చుని చూస్తున్న అత్తగారికి ఆ తలుపు చప్పుడే చాలింది. కళ్లు పోయి కుమిలిపోతున్న మనిషిని వెనకేసుకుని ఊరేగాలన్న బుద్ధి ఎలా పుట్టిందనీ, ఏ లారీ కిందో పడితే ఎవరు దిక్కనీ, తన కొడుకుకు చూపు వచ్చేదాకా నాలుగు రోజులు ఆగలేకపోయావా అనీ ఆమె గొణుగుడు మొదలుపెట్టింది. కోడలు అన్నీ విన్నది. ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆమె ప్రాణం విలవిల్లాడింది... ఎందుకంటే ఆ చూపు ఇక రాదని ఈ ఇంట్లో తెలిసినది ఆమె ఒక్కదానికే!

అతను బస్సు డ్రైవరు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె అతన్ని ముందు సీట్లో తప్ప చూసి ఎరగదు. ఎవరి కారైనా ఎక్కితే డ్రైవరు పక్కన కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ నడిపేవాడి ప్రాణం తీసేవాడు. సెలవు వచ్చిందంటే ఇంట్లో కాలు నిలవదు. క్లబ్బు వాళ్లతో కలిసి తెల్లారకముందే బయల్దేరి, ఊళ్లకు ఊళ్లు సైకిలు మీద చుట్టి, చీకటి పడే వేళకు ఉప్పు కట్టిన చొక్కాతో తిరిగొచ్చేవాడు. ఉన్న ఒక్క సెలవూ రోడ్డుకే ధారపోస్తే నేనెందుకు ఈ ఇంట్లో అని ఆమె ఎన్నిసార్లు అలిగిందో! ఇప్పుడు ఆ చెమట చొక్కా ఒక్కటి ఉతికే భాగ్యం కోసం మొహం వాచిపోయింది.

కంట్లో ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరిగి నరాన్ని ఎండబెట్టేసింది. పసిగట్టేసరికి అంతా అయిపోయింది. కళ్ల డాక్టరు ఆ రోజు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, చూపు మళ్లీ రాదనీ, చేతికర్రతో నడవడం నేర్పే బడి ఉందనీ, ఎంత త్వరగా చేర్పిస్తే అంత మంచిదనీ మెల్లగా చెప్పాడు. బయట బెంచీ మీద భర్త, చెవులు రెండూ తలుపు వైపే పెట్టి కూర్చున్నాడు. "ఏమన్నాడే?" అని అడిగాడు. ఆ మొహంలో ఎంత ఆశ! ఆ ఆశ మీద రాయి వేయడానికి ఏ ఇల్లాలికి చెయ్యి వస్తుంది? "వచ్చేస్తుందండీ... కొంచెం టైము పడుతుందట" అనేసింది.

ఆ ఒక్క మాటతో అతను కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోయాడు. చేతికర్ర ఎందుకు, చూపు వచ్చేస్తుందిగా! స్నానాల గదికి దారి నేర్చుకోవడం ఎందుకు, వచ్చేస్తుందిగా! కంట్లో నొప్పి రాకుండా ఇచ్చిన చుక్కలను చూపు కోసమే అనుకుని, వేళ తప్పకుండా అడిగి మరీ వేయించుకునేవాడు. "ఇవాళ కాస్త తెల్లగా ఉన్నట్టు లేదూ?" అని కిటికీ వైపు మొహం తిప్పేవాడు. కుట్టు మిషను మీద బడిపిల్లల చొక్కాలు కుడుతున్న ఆమె తల ఎత్తకుండానే "అవునండీ, వచ్చేస్తుంది" అనేది. ఆ పూట కుట్టు వంకర పోయేది... కూర్చుని విప్పుకునేది.

కుర్చీలోంచి అతన్ని లేపాలి. నిజం చెప్పే ధైర్యం లేదు, లేపకుండా ఉండే ఓర్పూ లేదు. అందుకే ఆమె జంట సైకిలు తెచ్చింది. ఈ వయసులో ఇంత దూరాలు తొక్కగలవా అని డాక్టరమ్మ అడిగితే, "పెళ్లయినప్పటి నుంచీ మిషను తొక్కుతూనే ఉన్నాను డాక్టరమ్మా, ఒక్క అడుగు ముందుకు పోలేదు అంతే" అంది. డాక్టరమ్మ నవ్వి, ఆ రోజు నుంచే తన పళ్ల ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలో పాఠాలు మొదలుపెట్టింది.

తలుపు వేసుకున్న మనిషి రెండు రోజులు పలకలేదు. మూడో రోజు పొద్దున్నే ఆమె వెనక సీటు ఖాళీగా పెట్టుకుని ఒక్కతే వీధిలోకి తీసింది. అంత పొడుగు బండి! వీధి మలుపులో తిరగనని మొరాయించింది, అడ్డంగా పడేసింది. మోచెయ్యి చెక్కుకుపోయి ఇంటికి వచ్చి మందు రాసుకుంటుంటే గది తలుపు తెరుచుకుంది. మందు వాసన ముక్కున పడినట్టుంది.

"ఏ బ్రేకు పట్టావు?" అన్నాడు.

"ముందుదండీ."

"ముందుది ఒక్కటే పడితే పడెయ్యక ముద్దు పెట్టుకుంటుందా? రెండూ కలిపి మెల్లగా పట్టాలి." తర్వాత సైకిలు దగ్గరికి వెళ్లి, తడుముకుని, వెనక సీటు ఎత్తు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో పానా తిప్పుతున్న చప్పుడు వినబడింది! అత్తగారు మూతి ముడుచుకుని లోపలికి పోయింది గానీ, కిటికీలోంచి తొంగి చూడటం మానలేదు.

జంట సైకిలుకు ఒక పద్ధతి ఉంది. ఇద్దరి పెడళ్లకూ చైను ఒకటే. ఒకరి కాళ్లు ఆగితే రెండోవారివీ ఆగాల్సిందే. క్లబ్బుకు మరో పద్ధతి ఉంది. ముందున్నవాళ్లు దారిలో ఏముంటే అది నోరారా చెప్పాలి. గుంత ఉంటే గుంత, రాళ్లుంటే రాళ్లు, ఎదురుగా లారీ వస్తే లారీ. వెనకవాళ్లు ఆ మాట మీదే తల వంచుకుని తొక్కుతారు. చూపున్నవాళ్లకే అలా అయితే, చూపు లేని మనిషి సంగతి వేరే చెప్పాలా! ఆమె ఆ పని శ్రద్ధగా నేర్చుకుంది. వీధుల్లో గుంతలన్నీ పేరుపేరునా పిలిచి చెప్పేది. మొదట్లో వెనక నుంచి ప్రతి మలుపు దగ్గరా సలహాలే సలహాలు. "డ్రైవరుతో మాట్లాడరాదని మీ బస్సులో రాసి ఉండేది కాదూ?" అని ఒకసారి అనేసింది. వెనక నుంచి నవ్వు వినబడింది. ఆ నవ్వుకు ఆమెకు కళ్లు మసకబారాయి, ఆ తడిలో ఒక గుంత చెప్పడం మరిచిపోయింది కూడా.

వాన కాలం వెళ్లాక క్లబ్బు వాళ్ల పెద్ద రైడు వచ్చింది. రెండు వందల కిలోమీటర్లు, చీకటి పడేలోగా తిరిగి డాక్టరమ్మ ఆస్పత్రి మెట్ల దగ్గరికి చేరాలి. చేరకపోతే పూర్తి చేసినట్టు లెక్క కాదు. మధ్యలో ఒక కొండదారి. అతను బస్సు నడిపిన రోజుల్లో ఆ మార్గంలో ఎప్పుడూ వెళ్లలేదు. "కొండే కదా, చూద్దాం పద" అన్నాడు, పాత ఠీవితో. అత్తగారు మాత్రం బయల్దేరేటప్పుడు మొహం చూపించలేదు.

సగం దారి దాకా బాగానే సాగింది. కొండ మొదలయ్యాక క్లబ్బు వాళ్లు ఒక్కొక్కరే ముందుకు పోయారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమె తొడలు మండుతున్నాయి. వెనక అతని ఊపిరి బుసలు కొడుతోంది.

"ఇంకెంతే?" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. దారి మెలికలు తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోతోంది. అంచు ఎక్కడా కనబడటం లేదు. అంత దూరం ఉందని చెబితే మనిషి డీలా పడిపోడూ?

"ఈ మలుపేనండీ" అంది. అతను ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. మలుపు తిరిగితే మళ్లీ ఎత్తే. మళ్లీ అడిగాడు. ఇంకొక్క మలుపంది. అతను పళ్లు బిగించి మళ్లీ ఉన్న బలమంతా ఊడ్చి పెట్టాడు. మూడోసారి అడిగినప్పుడు అతని గొంతులో తేమ లేదు. ఆమెకు జాలి ముంచుకొచ్చింది. ఆలోచించకుండానే మాట జారిపోయింది.

"వచ్చేస్తుందండీ..."

ఆమె కాళ్ల కింద పెడళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అతను తొక్కడం మానేశాడు! సైకిలు పక్కకు ఒరుగుతుంటే ఇద్దరూ ఎలాగో కాళ్లు ఆనించి నిలబడ్డారు.

"అదే గొంతు" అన్నాడు.

"ఏ గొంతండీ?"

"ఆస్పత్రిలో బెంచీ దగ్గర అన్నావే, ఆ గొంతు. రోజూ కిటికీ దగ్గర అంటున్నావే... అదే. ఈ కొండ అంచు రాలేదు. మూడుసార్లు వస్తుందన్నావు, రాలేదు." అతను దిగి, రోడ్డు పక్క రాయిని తడుముకుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. డాక్టరు ఏమన్నాడు?"

పారిపోవడానికి దారి లేదు. ఆమె సైకిలును పడుకోబెట్టి, అతని కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. ఇన్నాళ్లూ పంటి బిగువున దాచుకున్న మాట ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు.

"రాదండీ. చూపు ఇక రాదు. మొదటి రోజే చెప్పాడు... నేనే చెప్పలేకపోయాను. కర్ర పట్టుకుని నడవడం నేర్పుతారట, తీసుకెళ్లమన్నాడు. మీ మొహం చూసి నోరు రాలేదు. ఆ తర్వాత రోజూ చెబుదామనుకున్నాను... రోజూ ఇంకాస్త కష్టమైపోయింది."

అతను ఏడ్చాడు! మనిషి మనిషంతా కదిలిపోతూ, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, తల్లి పోయిననాటి పసివాడిలా ఏడ్చాడు. ఆమె ముట్టుకోబోతే చెయ్యి తోసేశాడు. తోసెయ్యనీ! ఆ కోపానికి తాను అర్హురాలినే అనుకుంది ఆమె. కిటికీ దగ్గర వెళ్లిపోయిన ఆ నెలలన్నీ తన మాట వల్లే కదా పోయాయి... ఎండలో అలాగే కూర్చుండిపోయారు. ఒక లారీ మూలుగుతూ పైకి పోయింది. దాని చప్పుడు సన్నబడి వినబడకుండా పోయేదాకా అతను తల ఆ వైపే ఉంచాడు.

చివరికి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"ఈ ఎత్తు ఇంకా ఎంత ఉంది? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమె లేచి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "చాలా ఉందండీ. అంచు కనబడటం లేదు. పైన ఇంకా నాలుగు మెలికలు కనబడుతున్నాయి, వాటి పైన ఏముందో తెలియదు."

"అలా చెప్పవే! దగ్గరే అన్నావని ప్రతిసారీ ఉన్న ఊపిరంతా ఊదేశాను. దూరమని తెలిస్తే దాచుకుని తొక్కేవాణ్ణి కదా..." రాయి మీంచి లేచాడు. "కళ్ల సంగతీ అంతే. సైకిలు లేపు. తక్కువ గేరులో పెట్టు. మెల్లగా పోదాం."

ఎక్కారు. మెలిక మెలికకూ ఆమె చెబుతూనే ఉంది. ఎత్తు ఎక్కువైతే ఎక్కువైందని, తన కాళ్లు పడిపోతుంటే పడిపోతున్నాయని, భయమేస్తే భయమేస్తోందని! ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అతను ఊపిరి దాచుకుంటూ తొక్కాడు. పైకి చేరినప్పుడు గాలి మొహానికి తగిలింది. చేరామని ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆస్పత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగిపోయాయి. మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. డాక్టరమ్మ ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి ఇద్దరి భుజాలూ తట్టింది గానీ, వేళ మించిపోయింది కాబట్టి పూర్తి చేసినట్టు రాయడం కుదరదని నిర్మొహమాటంగా చెప్పేసింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అతను మాత్రం నవ్వాడు.

"ఇవాళ నాకు నిజం చెప్పిన ఆడవాళ్లు ఇద్దరయ్యారు. వచ్చే నెల రైడుకు మా ఇద్దరి పేర్లూ రాసుకోండి డాక్టరమ్మా."

ఇంటి ముందు అత్తగారు కొంగు నోట కుక్కుకుని నిలబడి ఉంది. కొడుకు సైకిలు దిగాడో లేదో, ఒళ్లంతా తడిమి, దెబ్బలేమీ లేవని తేల్చుకుని, అప్పుడు కోడలి మీద విరుచుకుపడింది. నాలుగు రోజులు ఆగితే వాడికి చూపే వచ్చేది కదా, వాడే తొక్కుకునేవాడు కదా అని శోకాలు పెట్టింది. కోడలు తల దించుకుంది. ఎప్పటిలాగే ఓదార్పు మాట నాలుక చివరిదాకా వచ్చింది... ఆగిపోయింది.

అతను తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మా, నాకు చూపు రాదు. ఇక ఎప్పటికీ రాదు. సోమవారం కర్ర పట్టుకుని నడవడం నేర్చుకోవడానికి వెళ్తున్నాను."

ముసలామె కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. "నీకు... ముందే తెలుసా?" అంది కోడలితో.

జవాబు అతనే చెప్పాడు. "దీనికి మొదటి రోజు నుంచీ తెలుసు. మనిద్దరినీ వెనకేసుకుని ఇన్నాళ్లూ ఒక్కతే తొక్కిందమ్మా."

అత్తగారు లోపలికి వెళ్లి వేడినీళ్ల బకెట్టు మోసుకొచ్చింది. కోడల్ని భుజం పట్టి తను రోజూ కూర్చునే గడప మీదే కూర్చోబెట్టింది. తను నేల మీద చతికిలబడి, వాచిపోయిన ఆ పాదాల మీదికి వంగింది.

"అయ్యో అత్తయ్యా! మీరు నా కాళ్లు..." అంటూ ఆమె గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ఇటు పెట్టవే" అంది అత్తగారు, కన్నీళ్లు తుడుచుకోకుండానే. "వచ్చే నెల మళ్లీ తొక్కాలటగా."