ఆరని నుదురు

పాదిరిగారింటి వంటగదిలో పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూచుని థామసిన్ వేడి వేడి బీరు తాగుతోంది. వేడి చేయకపోతే తాగడానికి లేదు మరి. పీపాల్లో బీరు కూడా గడ్డ కట్టేసింది. క్రిస్మస్‌కి ముందు పట్టిన మంచు జనవరి ఇరవై వచ్చినా వదల్లేదు. ఊరి పక్కనున్న సముద్రం తప్ప కదిలే నీళ్ళంటూ ఎల్మ్‌విక్‌లో ఎక్కడా మిగల్లేదు.

పెంబర్ పాదిరిగారికి ఒక పిచ్చి ఉంది. చర్చి పుస్తకంలో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాశాక, చివరి కాగితాల మీద ఆ ఏడు లోకంలో జరిగిన వింతలన్నీ ఎక్కించేవారు. గిన్నెలకి మాట్లు వేసేవాడు చెప్పిన కబురైనా సరే, దాన్ని రాయందే ఆయనకి నిద్ర పట్టేది కాదు.

"విను థామసినమ్మా. పదహారువందల ఏడు. జనవరిలో సముద్రం ఊళ్ళ మీద పడింది. ఎండాకాలం వచ్చేసరికి నడిమి జిల్లాల్లో జనం పలుగూ పారా పట్టుకుని దొరల కంచెలు పీకేశారు. మనవాళ్ళు నూరుమంది పైచిలుకు మహాసముద్రం దాటి, ఆ ఒడ్డున కోట కట్టుకుని రాజుగారి పేరు పెట్టారు. సెప్టెంబరులో తోకచుక్క. అదే నెల్లో ఐర్లండు దొరలు పెళ్ళాం బిడ్డలతో ఓడెక్కి పారిపోయారు. ఇప్పుడీ మంచు. లండన్లో నది మీద జనం నడిచిపోతున్నారట. దాని మీదే మంట వేసుకుంటున్నారట!"

"ఏం, లండనువాళ్ళకి నేల చాల్లేదా?" అంది థామసిన్.

పాదిరిగారు నవ్వి కాగితం తిప్పారు. "ఇక మన ఊరి పుట్టుకలు. వరద నాటి నుంచి నేటి దాకా పదకొండు. మొదటి ఇద్దరూ నీ చేతిలో పుట్టినవాళ్ళే. ఎవిస్ కవలపిల్లలు. ఎల్లెన్, డోర్కస్. వరదరోజు చర్చి గంటగదిలో పుట్టారు. ప్రాణాపాయం చూసి మంత్రసాని ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చింది. డోర్కస్ ఆ రోజే పోయింది. చర్చి దొడ్లో పూడ్చాం." ఆయన కలం ముంచి ఆమె చేతికిచ్చారు. "ఈ నకలు బిషప్‌గారికి వెళ్ళాలి. నువ్విచ్చిన బాప్తిస్మానికి నీ గుర్తు ఉండాలిగా? ఇక్కడ చిన్న శిలువ గీసెయ్యి."

కలం పట్టుకున్న చెయ్యి కదల్లేదు. కలం మొన నుంచి సిరా బొట్టు జారి బల్ల మీద పడింది.

"వేళ్ళు కొంకర్లు పోయాయి పాదిరిగారూ. రేపు గీస్తాను."

అరవై ఏళ్ళు దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా ఊళ్ళో పుట్టినవాళ్ళందరి బొడ్డూ కోసిన చెయ్యి అది. ఎంత చలిలోనూ అది కొంకర్లు పోయిందని ఎవరూ వినలేదు. పాదిరిగారు మంచివారు కాబట్టి నమ్మారు.

ఏడాది కిందట, సరిగ్గా ఇదే తారీకున, పొద్దున్న తొమ్మిది గంటలకి పడమట తెల్లగా గోడ లేచింది. పొగమంచనుకున్నారు. అది నీళ్ళు. ఎవిస్ మొగుడు గొర్రెల్ని తోలుకురావడానికి పరిగెత్తి మళ్ళీ రాలేదు. నిండు చూలాలు ఎవిస్‌ని థామసిన్ రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ చర్చి బురుజు మెట్లెక్కించింది. పదకొండో మెట్టు దాకా సముద్రం వచ్చి ఆగింది. చీకటి పడ్డాక, పైన గంటగదిలో లాంతరు వెలుగులో, గొర్రె ఉన్ని మీద, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరూ ఒక్క అచ్చు. ఇద్దరూ నీలంగా ఉన్నారు.

పాదిరి అందనప్పుడు, బిడ్డ దక్కదనిపిస్తే, నుదుట నీళ్ళు పోసి పేరు పెట్టే హక్కు మంత్రసానిది. బిడ్డకి ఒక్కసారే పొయ్యాలి. పేరు లేకుండా పోయిన బిడ్డకి చర్చి దొడ్లో చోటుండదు. థామసిన్ మెట్లు దిగి, దోసిట్లో ఆ ఉప్పునీళ్ళే పట్టుకొచ్చి ఒక బిడ్డకి ఎల్లెన్ అని పేరు పెట్టింది. మళ్ళీ నీళ్ళకి దిగి వచ్చేసరికి గాలికి లాంతరు ఆరిపోయింది. చేతికందిన బిడ్డని తీసుకుంది. డోర్కస్ అంది. నుదుట చెయ్యి వేసింది.

ఆ నుదురు అప్పటికే తడిగా ఉంది.

ఆ బిడ్డకే పెట్టేసిన రెండో పేరు వెనక్కి తీసుకోవడం కుదరదు. రెండో బిడ్డ కోసం తడిమేలోగా ఎవిస్ కేక పెట్టింది. రక్తం కాలవ కడుతోంది. తల్లిని దక్కించుకుని ఇటు తిరిగేసరికి రెండో బిడ్డ చల్లబడిపోయింది. ఇద్దరికీ ఇచ్చానని థామసిన్ అబద్ధం చెప్పింది. లేకపోతే ఆ పసిదాన్ని ఊరవతల ముళ్ళకంపల్లో పాతేవారు. పాపమని తెలిసే చేసింది. మళ్ళీ అదే రోజొస్తే మళ్ళీ అదే చేస్తుంది.

పాదిరిగారి దగ్గర్నుంచి థామసిన్ తన ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఎవిస్ నిలబడి ఉంది. చేతిలో లాంతరు, చంకలో కంబళి మూట.

"అవ్వా, పిల్ల నిన్నటి నుంచి కళ్ళు తెరవడం లేదు."

థామసిన్ కంబళి తొలగించింది. ఎల్లెన్ ముఖం మైనంలా పాలిపోయి ఉంది. నుదుటి మీద తడి. ఈ తడి వేసవిలో మొదలైంది. చెమటే పొమ్మన్నారు ఇరుగుపొరుగులు. తోకచుక్క కనిపించిన నెల నుంచి తుడిచినా ఆరడం మానేసింది. పీపాలో బీరు గడ్డ కట్టిన ఈ చలిలో కూడా అది గడ్డ కట్టలేదు. నాలిక్కి తగిలిస్తే ఉప్పన.

"కోతలప్పుడు ఉన్ని తక్కెట్లో తూచాను," అంది ఎవిస్. "ఇప్పుడు అందులో సగం లేదు. రోజూ ఎవరో కొంచెం కొంచెం పట్టుకుపోతున్నట్టుంది అవ్వా. నాకు మిగిలింది ఇదొక్కత్తే. ఏదైనా చెయ్యి. నీకు తెలీని వైద్యం ఉందా?"

థామసిన్ ఇక దాచలేకపోయింది. గుమ్మంలోనే, చలిలోనే, అంతా చెప్పేసింది.

ఎవిస్ కంబళిని మళ్ళీ బిడ్డ మీదికి లాక్కుంది.

"అయితే నేను పూడ్చుకున్నది ఎవర్ని?"

"తెలీదు తల్లీ. ఒక్క అచ్చుగా ఉన్నారు."

"ఇదెవరు మరి?"

"రెండు పేర్లూ దీనివే. దానికే... ఏదీ లేదు."

"ఏడాదిగా నా బిడ్డ పేరు లేకుండా మట్టిలో ఉందా!" ఎవిస్ చెయ్యెత్తింది. కొడుతుందనుకుంది థామసిన్, కొట్టించుకోవడానికి సిద్ధపడింది కూడా. ఆ చెయ్యి గాల్లో ఆగి, థామసిన్ కండువా కొస పట్టుకుని గుంజింది. "పద. అది అడుగుతున్నది ఇచ్చెయ్యి. దీన్ని వదిలెయ్యమను."

పోయినవాళ్ళకి బాప్తిస్మం లేదని శాస్త్రం. ఆ శాస్త్రం థామసిన్‌కీ తెలుసు. అయినా మంచుగడ్డ కరిగించి చిన్న బుడ్డిలో పోసి, గడ్డ కట్టకుండా రవికలో ఒంటికి ఆనించి పెట్టుకుంది.

చర్చి చేరేసరికి నాలుగైంది. పొద్దు వాలిపోతోంది. ఎవిస్ వాకిట్లో రాతి అరుగు మీద బిడ్డతో కూచుంది. "లాంతరు తీసుకెళ్ళవ్వా," అంది.

"నీ దగ్గరుంచు. పిల్ల కళ్ళు తెరిస్తే చీకటికి జడుసుకుంటుంది."

పేరు తప్పిపోయింది గంటగదిలోనే, ఇవ్వాల్సిందీ అక్కడే. బురుజు మెట్లు వంకర తిరుగుతూ పైకి పోతాయి. థామసిన్ గోడ పట్టుకుని ఎక్కింది. ఊరంతా మంచుకి ఎండి ఇనుములా బిగుసుకుపోయింది. మెట్లూ పొడిగానే ఉన్నాయి. పదకొండో మెట్టు దగ్గర గోడ మీద వరద బురద గీత ఇంకా చేతికి తగులుతోంది. ఆమె పన్నెండో మెట్టు మీద కాలు పెట్టింది.

తడి.

పదమూడు... పద్నాలుగు... అన్నీ తడే. సముద్రం ఎన్నడూ చేరని మెట్లు.

గంటగదిలో చీకటి చిక్కగా ఉంది. బురద వాసన, నాచు వాసన. అన్నిటి మీదా నానిన ఉన్ని వాసన. ఆ రోజు పరిచిన ఉన్ని ఇంకా ఆ మూలే పడి ఉంది. ఎవరూ తియ్యలేదు.

థామసిన్ ఊపిరి బిగబట్టి నిలబడింది.

టప్... టప్...

చెక్కల మీద చిన్న అరచేతులు. ఆగి, మళ్ళీ టప్... టప్... పాకుతున్న చప్పుడు.

థామసిన్ పూడ్చింది పుట్టిన పూటే పోయిన పసిగుడ్డుని. పాకే బిడ్డని కాదు. ఎల్లెన్‌తో పాటే... అదీ ఏడాది పెరిగింది.

"అమ్మలూ..." అంది చీకట్లోకి. "నీ పేరు తెచ్చానే. ఆ రోజు నాదే తప్పు. తీసుకో. నీ అక్కని వదిలెయ్యి."

చప్పుడు ఆగింది. తర్వాత చాలా దగ్గరగా, కాళ్ళ దగ్గర, పావడా అంచుని చిన్న పిడికిలి పట్టుకుంది.

థామసిన్ మోకాళ్ళ మీద కూచుంది. కుడిచేత్తో బుడ్డి తీసింది. మూత ఇంకా తియ్యలేదు. ముందు నుదురు ఎక్కడుందో తెలియాలి. ఎడమచెయ్యి చీకట్లోకి చాపుతూ, భయానికి మాట ముందే జారిపోయింది.

"డోర్కస్... తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున..."

వేళ్ళకి నుదురు తగిలింది.

తడి.

వెచ్చటి తడి. కిందే ముక్కు, దాన్లోంచి వచ్చీ రాని వెచ్చటి ఊపిరి. థామసిన్ వేళ్ళు నోటిలో పెట్టుకుంది. ఉప్పు.

బుడ్డి మూత బిగించే ఉంది.

"ఎల్లెన్?" అంది గుసగుసగా.

రెండు చేతులూ చాపి పట్టుకోబోయింది. చేతుల్లోకి ఉన్ని మాత్రం వచ్చింది. అప్పుడే ఎవరో బిడ్డని ఎత్తుకుపోయినట్టు అది వెచ్చగా ఉంది. గదంతా తడిమింది. నాలుగు గోడలు, గంట, తాడు... ఇంకేం లేదు.

"అవ్వా!" కింద నుంచి ఎవిస్ కేక. "అవ్వా, రా! ఆరిపోయింది!"

మెట్ల మీద రెండుసార్లు జారిపడి, మోకాలు చీరుకుపోయినా ఆగకుండా దిగింది థామసిన్. వాకిట్లో లాంతరు వెలుగులో ఎవిస్ ఏడుస్తూ నవ్వుతోంది.

"చూడు! నువ్వు పైకి వెళ్ళావో లేదో కళ్ళు తెరిచింది. నుదురు చూడు, ఎంత పొడిగా ఉందో! బరువు కూడా... ఒక్కసారిగా బరువెక్కింది అవ్వా. చెయ్యి లాగుతోంది. నీ పాదాలకి దణ్ణం పెడతాను!"

కంబళిలోంచి బిడ్డ థామసిన్‌ని చూస్తోంది. ఏడాది పిల్లలు అలా రెప్ప వెయ్యకుండా చూడరు. థామసిన్ చెయ్యి చాపి ఆ నుదుటి మీద రెండు వేళ్ళు ఆనించింది.

పొడిగా ఉంది. అరుగు రాయి ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉంది.

చెప్పాలి. ఇది ఎల్లెన్ కాదని ఎలా చెప్పాలి? ఆ నవ్వుతున్న ముఖం చూసి నోరు రాలేదు. సంవత్సరం కిందట కూడా ఇలాగే నోరు రాలేదు.

అప్పుడు పైనుంచి వినిపించింది. సన్నగా... ఆగి ఆగి... గుక్క పట్టి ఏడుస్తున్న పసిబిడ్డ గొంతు.

"విన్నావా?" అంది థామసిన్.

"ఏమిటి? గాలి కూడా లేదుగా."

ఏడుపు పెద్దదైంది. ఎవిస్ ఉన్నట్టుండి గుండెల మీద చెయ్యి వేసుకుంది. రవిక రెండు వైపులా తడిసిపోతోంది. ఆ చలిలో పాల నుంచి సన్నగా ఆవిరి లేచింది.

"ఇదేమిటవ్వా?" అంది సిగ్గుగా నవ్వుతూ. "పిల్ల ఏడవనే లేదు... పాలు చేపుకొచ్చేశాయి."

చేతిలో బిడ్డ రొమ్ము వైపు తల తిప్పలేదు. గంటగది వైపు చూసి నవ్వింది.