హెల్మెట్ పగిలిన మధ్యాహ్నం

"ఆ ఊలు టోపీతో కొండ మీదికి లిఫ్ట్ ఎక్కనివ్వను," అంటూ నైరీ దారికి అడ్డంగా చెయ్యి చాపింది.

న్యూజీలాండ్‌లో వనాకా ఊరి దగ్గరి ఆ కొండ మీద, మంచులో దెబ్బతిన్నవాళ్ళను కిందికి చేర్చే దళంలో ఆమెకిది పదో చలికాలం. ఎదురుగా ఉన్న ఫెర్గస్, బోర్డు మీద నిలబడి మంచులో జారే స్నోబోర్డింగ్ నేర్పడానికి, అక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లోనే చేరాడు.

"నా తల, నా ఇష్టం."

"తల నీదే. స్ట్రెచర్ లాగాల్సింది మాత్రం నేను."

"నువ్వు లాగుతానంటే ఇప్పుడే పడిపోతా!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నైరీ నవ్వలేదు. అద్దె కౌంటర్లోంచి హెల్మెట్ తెచ్చి, అతను గడ్డం కింద పట్టీ బిగించుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మధ్యాహ్నం వాన పడి, పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. రెండున్నరకు రేడియో మోగింది.

"రాళ్ళ మలుపు దగ్గర ఒకరు పడ్డారు. మన ఫెర్గసే."

ఆమె వెళ్ళేసరికి అతను కూర్చునే ఉన్నాడు. హెల్మెట్ చెవి నుంచి వెనకదాకా చీలిపోయింది.

"నాకేం కాలేదులే. నా బోర్డు ఏది?"

"పక్కనే ఉంది."

అర నిమిషం గడిచింది.

"నైరీ, నా బోర్డు ఏది?"

అడిగిందే మళ్ళీ అడిగాడంటే దెబ్బ తలకే తగిలిందని ఆమెకు అర్థమైంది. లేవబోతున్న అతని భుజాలు పట్టి ఆపింది.

"కదలకు. ఇవాళ ఏ వారం?"

"తెలీదు. నీకో సంగతి చెప్పనా? రోజూ టోపీతో వచ్చేది నువ్వు ఆపుతావనే. లేకపోతే నాతో మాట్లాడతావా?"

"నోరు ముయ్... కాదు, మాట్లాడు. ఆపకు."

తోటివాళ్ళు వచ్చి మెడకు పట్టీ వేసి, స్ట్రెచర్ మీద కట్టారు. సగం దారిలో అతని మాట ఆగిపోయింది. పేరు పెట్టి అరిచింది. పలకలేదు. మళ్ళీ అరిచింది. "ఊఁ," అన్నాడు. ఆ ఒక్క ముక్క కోసం ఆమె ఎంతమంది దేవుళ్ళకు మొక్కిందో ఆమెకే తెలియదు.

హెలికాప్టర్ అతన్ని డునెడిన్ నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తల లోపల రక్తం గడ్డకట్టలేదని, ఆ హెల్మెట్ లేకపోతే పుర్రె పగిలేదని డాక్టర్ చెప్పింది. డాక్టర్లు సరే అనేదాకా మంచు మీదికి వెళ్ళకూడదట.

మర్నాడు నైరీ వార్డులోకి రాగానే అతను మొహమాటంగా అడిగాడు.

"పడ్డాక ఏమీ గుర్తులేదు. పిచ్చిగా ఏమైనా వాగానా?"

"నువ్వు వాగింది నేను చెప్పను. నా సంగతి చెబుతాను, విను. పదేళ్ళలో ఎంతోమందిని దించాను. ఎప్పుడూ కాళ్ళు వణకలేదు. నిన్న వణికాయి."

ఫెర్గస్ ఈసారి జోకు వెయ్యలేదు. నెమ్మదిగా మంచం మీద పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చాడు.