ఆకుల మీద మచ్చలు

ఇంట్లో ఏది చెడినా నెపం పెద్దవాళ్ల మీదికి తోసేసే కొడుకులారా, కోడళ్లారా, తప్పు మీది. ఏమైందని అడగరు, తీర్పు మాత్రం చెప్పేస్తారు. ఈ ఇంట్లోనూ అదే జరిగింది.

ఆ ఉదయం రోజూలాగే మొదలైంది. బస్సు డ్రైవరుగా రిటైరైన మామగారు మార్కెట్ నుంచి లెట్యూస్ తెచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాడ కోసిన చోట తెల్లగా ఉంటేనే కొంటాడు, గోధుమరంగుకు తిరిగితే ముట్టుకోడు. మూడు నీళ్లలో కడుగుతాడు. నీళ్లు వంపేస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకులకే అంటుకుంటుందని, ఆకులనే చేతులతో పైకి తీస్తాడు. వాటిని దిండు గలీబులో వేసి పెరట్లో గిరగిరా తిప్పుతాడు. పక్కింటివాళ్లు హెలికాప్టర్ అని పేరు కూడా పెట్టారు. తడి పోయాక పొడిగుడ్డ పరిచిన డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులైనా ఆకు కరకరలాడేది. ఆ ఆకుతోనే కొడుకూ కోడలూ ఆఫీసులకు సలాడ్ డబ్బాలు పంపుతూ బతుకుతున్నారు.

పది గంటలకు, పొద్దున ఫ్రిజ్‌లోని ఆకుతో హడావిడిగా నింపిన డబ్బాల్లో పన్నెండు వెనక్కి వచ్చాయి. ఆకుల ఈనెల వెంబడి తుప్పురంగు మచ్చలు.

కొడుకు ఒక డబ్బా మూత తీసి తండ్రి ముందు పెట్టాడు. "నీకు కళ్లు ఆనడం లేదు నాన్నా, ఒప్పుకో. రేపటి నుంచి తరిగిన ఆకు ప్యాకెట్లలో తెప్పిస్తా. నువ్వు విశ్రాంతి తీసుకో."

కోడలు అక్కడే ఉంది. మామగారి చాదస్తం వదులుతుందని లోలోపల సంతోషించింది కూడా. ఆయన గలీబు పిండి తీగ మీద ఆరేసి, ఇక ఆ చేతులతో ఏం చేయాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె వంటగదిలోకి వస్తే, ఆయన ఫ్రిజ్ కింది అర నుంచి ఆపిల్ పళ్లు సంచిలోకి తీస్తున్నాడు. చవగ్గా వచ్చాయని ఆమే తెచ్చి పెట్టింది. మొన్న ఆయన వాటిని బయట పెట్టి ఏదో చెప్పబోతే, వినకుండా విసుక్కుంటూ మళ్లీ లోపల సర్దింది. ఈసారి ఎందుకు తీస్తున్నారని నిలదీసింది.

"పండిన ఆపిల్ పక్కన ఉంటే లెట్యూస్‌కి మచ్చలొస్తాయమ్మా. మార్కెట్లో ఆకులమ్మే ఆవిడ ఎప్పుడో చెప్పింది."

 "మరి ఇందాక ఆయనతో ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెబితే వాడు నీ మీద పడేవాడు. బస్సు నిండా జనం చేత రోజూ తిట్లు తిన్నవాణ్ని, నాకు ఇంకోటి ఎక్కువా?" అని నవ్వాడు.

పెళ్లయిన ఆరేళ్లలో ఆయన కడిగిన ఆకులో ఒక్క ఇసుక రేణువు కూడా ఆమె పంటికి తగల్లేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. కళ్లనీళ్లతో ఆయన చేతులు పట్టుకుంది. ఎన్ని ఉదయాలు చన్నీళ్లలో నానాయో, అరచేతులు గరుకుగా ఉన్నాయి.

సంచి తీసుకుని ముందుగదిలోకి వెళ్లి భర్తకు జరిగింది చెప్పింది. నాన్న నోరు తెరిచి చెప్పొచ్చుగా అని అతను నసిగాడు.

"మనం అడిగామా? మచ్చలు పడింది నా వల్ల, మాట పడింది ఆయన. ముందు ఆ ప్యాకెట్ల ఆర్డరు ఆపండి. ఇప్పుడే, నా ఎదురుగా. తర్వాత వెళ్లి, తప్పయింది నాన్నా, ఆకు ఏరడం మాకూ నేర్పు అని అడగండి. నేనూ వస్తున్నా, లేవండి."