మూడో పేజీలో ముల్లంగి

"నుమాత డాక్టర్ గారంటే ఎవరు?"

మా సర్జరీ విభాగం గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో నీళ్లోడుతున్న గొడుగు, చంకలో నీలం ఫైలు. జపాన్‌లో వానలకి పేరుపడ్డ మా కనజావాలో నవంబరులో పొడిగా ఉన్న గొడుగుని నేనింతవరకూ చూడలేదు కనక గొడుగు సంగతి వదిలేశాను. ఫైలుని మాత్రం గుర్తుపట్టాను.

"నేనే, చెప్పండి," అన్నాను, ఎక్స్‌రే మీంచి కళ్లు తిప్పకుండా. అప్పటికి నేను ఆరేళ్ల అనుభవం ఉన్న సర్జన్ని. కుట్లు వేయడంలో మా అంతస్తులో నన్ను మించినవాడు లేడని నేనే నలుగురికీ చెప్పుకు తిరుగుతుండేవాణ్ణి.

"వైద్యవిద్య ఆఫీసునుంచి వచ్చాను. నా పేరు హమాయ కనోకో. ఈ వారం పేపరు చదివారా?"

"చదివాను. ముద్ర కూడా వేశానుగా."

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

"మూడో పేజీ?"

"అన్నిట్లోకీ అదే బాగుంది."

"అవును, అభిప్రాయం కూడా రాశారు." ఆమె ఫైలు తెరిచి పైకి చదివింది. "'ఎంతో ఉపయోగకరం. మన విభాగంలో వెంటనే అమలు చేయాలి.' చాలా సంతోషం సార్. మూడో పేజీలో ఉన్నది మా అమ్మ వండే చేపా ముల్లంగీ కూర. ఎప్పుడు అమలు చేస్తున్నారు?"

నా వెనకాల ఎవరికో టీ పొలమారింది.

తప్పంతా నాదే అంటే ఒప్పుకోను. డాక్టర్లకి చదువెలా చెప్పాలో ప్రపంచం నలుమూలలా ఎవరో ఒకరు పరిశోధన చేస్తూనే ఉంటారు. ఆమె అవన్నీ చదివి, వారానికొకటి ఏరి, తేలిక మాటల్లో మూడు పేజీలు రాసి ఫైల్లో పెట్టి పంపేది. చదివినవాళ్లు కింద తమ పేరున్న ఎర్రముద్ర వేయాలి. ప్రొఫెసర్ గారి ముద్ర నిటారుగా ఉంటుంది. ఆయనకి వంగి దణ్ణం పెడుతున్నట్టు మావన్నీ ఎడమకి కాస్త వాల్చి వేస్తాం. ఎంత వాల్చాలన్నదాని మీద మాకున్న శ్రద్ధ పేజీల మీద ఎవరికీ లేదు. ఆ వారం చేపల కూర కింద పదకొండు ముద్రలు పడ్డాయి. అభిప్రాయం రాసిన వెధవని మాత్రం నేనొక్కణ్ణే.

"శుక్రవారం మధ్యాహ్నం," అన్నాను. పరువు పోయాక పౌరుషమైనా మిగలాలి కదా.

నిజంగానే వండి డబ్బాలో తీసుకెళ్లాను. ఆమె ఒక ముక్క కొరికి, కాసేపు నమిలి, నావైపు చూసింది.

"ఇది చదివి వండారా, ముద్ర వేసి వండారా?"

"ఏమైంది?"

"ముల్లంగిని ముందు బియ్యం కడిగిన నీళ్లలో ఉడికించమని రాశాను. రెండో వాక్యమే అది."

అయినా నవ్వుతూ డబ్బా ఖాళీ చేసింది. ఆ నవ్వు చూసినప్పుడే నా పని అయిపోయిందని నాకు తెలియాల్సింది. తెలియలేదు. ఉక్రోషమనుకున్నాను.

ఆ ఉక్రోషంతోనే చదవడం మొదలుపెట్టాను. తప్పులు పట్టుకుందామని పెన్సిలు పట్టుకుని మరీ చదివాను. అంచుల్లో నేను 'వట్టి మాట' అని రాస్తే కింద ఆకుపచ్చ సిరాతో 'ఎందుకు?' అని వచ్చేది. కారణం రాద్దామని కూర్చుంటే చాలాసార్లు దొరికేది కాదు. సోమవారం ఫైలు రావడం ఒక గంట ఆలస్యమైతే నర్సుల మీద చిరాకుపడుతున్నానని వాళ్లే చెప్పారు.

నవంబరు ఆఖరున వచ్చిన పేపరు నాకు సూటిగా తగిలింది. కుట్లు వేయడంలాంటి చేతిపని ఒకే రోజు గంటల తరబడి నేర్పితే మర్చిపోతారట, అవే గంటల్ని వారాల మీద పంచి నేర్పితే నిలుస్తుందట. మా విభాగం గొప్పే ఆ ఒక్కరోజు శిక్షణ! మా ప్రొఫెసర్ ఇనొకుమ గారు ఇరవయ్యేళ్ల కిందట మొదలుపెట్టారు. పొద్దున్న ఎనిమిదినుంచి కొన్యాకు ముద్దల మీద, అదే, కూరల్లో వేసుకునే ఆ వణికే దుంపపిండి ముద్దల మీద, విద్యార్థులు ఎనిమిది గంటలు కుడతారు. నేనూ అందులోనే నేర్చుకున్నాను. మూడేళ్లుగా నేనే నేర్పుతున్నాను.

పెన్సిలు సరిపోలేదు. మెట్లు దిగి నేరుగా ఆమె గదికి వెళ్లాను.

"మా శిక్షణలో తయారైనవాణ్ణి నేను. నా కుట్లు చూశారా ఎప్పుడైనా?"

"మీవి కాదు సార్, మీ విద్యార్థులవి చూడాలి. నెల తర్వాత ఎలా ఉంటున్నాయో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. బయట చలికాలపు ఉరుము ఫెళ్లుమంది.

"నాకు మీ విద్యార్థుల్లో సగం మందిని ఇవ్వండి," అందామె. అప్పటిదాకా ఉన్న వెటకారం గొంతులో లేదు. "ఈ కాగితాలవల్ల ఒక్క విద్యార్థి చెయ్యైనా బాగుపడిందని మార్చిలోగా చూపించమన్నారు ఇనొకుమ గారు. లేకపోతే ఫైలు ఆపేస్తారు. ఫైలు ఆగితే నా ఉద్యోగమూ ఆగినట్టే. మా ఊరు హిమి వెళ్లి అమ్మ చేపల కొట్లో కూర్చుంటాను."

"సరే. మంచివాళ్లని నేనే ఎంచుకుంటాను."

"ఆశ! చీట్లు వేద్దాం."

చీట్లలో చెరి పన్నెండు మంది వచ్చారు. రెండు గుంపులకీ కుట్లు నేర్పేది నేనే, తేడా గంటల పంపకంలోనే. ఆమె గుంపుకి డిసెంబరులో మొదలుపెట్టి, నూతన సంవత్సరం సెలవులు పోను నాలుగు మంగళవారాలు, వారానికి రెండేసి గంటలు. నాలుగో మంగళవారం నాడే నా గుంపుకి ఎనిమిది గంటలు. ఆ సాయంత్రం నావాళ్ల కుట్లు ముత్యాల్లా ఉన్నాయి. ఒకాజి అని ఒక కుర్రాడు, అచ్చం నన్నే పోతపోసినట్టు, ముడి వేస్తుంటే రెండు కళ్లూ చాలలేదు.

"చూశారా?" అన్నాను.

"చూశాను. బాగున్నాయి. నెల ఆగండి."

"నెలలో చేతులు మారిపోతాయా?"

"మారకపోతే మీకు హిమినుంచి చేపలు పంపిస్తాను లెండి."

నవ్వుతూనే అంది. నాకే ఎక్కడో కలుక్కుమంది.

ఆ నెలంతా సాయంత్రాలు ఒకే బస్సుకి నడిచేవాళ్లం. కుండపోత వానలో కూడా మా వాదన ఆగేది కాదు. ఒకరోజు ఆమె సగం వాక్యంలో ఆగి, "మీరు ఒప్పుకునేటప్పుడు కూడా కోపంగానే ఒప్పుకుంటారేమిటండీ!" అని పగలబడి నవ్వింది. ఆ రాత్రి నాకో అనుమానం పట్టుకుంది. ఈ పందెంలో నేను గెలిస్తే ఈమె వెళ్లిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక ఓడిపోవాలని కోరుకోవడం అదే మొదటిసారి. అలాగని ఓటమి తలుచుకుంటే ఒళ్లు మండేది కూడా!

ఫిబ్రవరిలో పరీక్ష. పొరుగూరినుంచి ఇద్దరు పెద్ద సర్జన్లని పిలిచాం. ఏ ముద్ద ఎవరు కుట్టారో వాళ్లకి తెలియదు, నంబర్లే. మేమిద్దరం అద్దం వెనక నిలబడ్డాం.

ఒకాజి మూడో ముడి దగ్గర ఆగిపోయాడు. దారం ఏ వేలికి చుట్టాలో మర్చిపోయాడు. చేతులకేసి చూసుకున్నాడు పాపం, అవి తనవి కావన్నట్టు. పక్క బల్ల దగ్గర యునొకి అనే అమ్మాయి, నలుగురిలో నోరెత్తనిది, తొణక్కుండా బెణక్కుండా కుట్టుకుపోతోంది. యునొకి కనోకో గుంపు.

కవర్లు విప్పితే మొదటి పది స్థానాల్లో ఎనిమిది ఆమెవాళ్లవే. ఆమె కాగితం రెండుసార్లు చదివి, ముఖం గోడవైపు తిప్పుకుంది. ఓడింది నేను. కానీ నా ఛాతీ ఎందుకలా ఉప్పొంగిందో నాకే అర్థం కాలేదు. పిలిచి పదిమందికి చూపించాలనిపించింది, ఇదిగో ఈ మనిషి, చదివింది, నమ్మింది, చేసి చూపించింది అని.

సాయంత్రం ఇనొకుమ గారు గదికి రమ్మన్నారు.

"ఇరవై నలుగురు. అదీ ఒక పరీక్షేనా?" అన్నారు. "రేపటి మీటింగులో ఫలితం ఇంకా తేలలేదని చెప్పు. ఆ అమ్మాయికి ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఏప్రిల్లో పై పదవికి నీ పేరే పంపుతున్నాను, తెలుసుగా?"

తెలుసు. ఆరేళ్లుగా దానికోసమే ముద్రలు వాల్చుతున్నాను.

మర్నాడు పొద్దున్న మీటింగులో నలభై తెల్లకోట్లు. వెనక వరుసలో గోడకి ఆనుకుని కనోకో.

"నుమాతా, ఆ కుట్ల సంగతేమైంది?" అన్నారు ప్రొఫెసర్.

లేచాను.

"తేలింది సార్. నేను ఓడిపోయాను."

గదిలో గుసగుసలు లేచాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇక ఆగితే మళ్లీ మాట్లాడలేనని తెలిసి గబగబా చెప్పేశాను.

"మీ శిక్షణలో పెరిగినవాణ్ణి సార్. అది నాకెప్పుడూ గొప్పే. కానీ మూడేళ్లు నేర్పి, నెల తర్వాత ఆ చేతులెలా ఉన్నాయో ఒక్కసారీ చూడలేదు. హమాయ గారు చూడమన్నారు. చూస్తే మర్చిపోయి ఉన్నాయి. రేపు మనం జబ్బున పడితే మన కడుపులు కుట్టేది ఆ చేతులే. ఇలాంటి మనిషి మన ఆసుపత్రిలో ఉందని నేను గర్వపడుతున్నాను. ఆవిడ పంపినవి చదవకుండా ముద్ర వేసినందుకు సిగ్గుపడుతున్నాను."

ఇనొకుమ గారు నన్ను దాటి వెనక వరుసలోకి చూశారు.

"నువ్వేమంటావమ్మా? గెలిచావుగా."

కనోకో ముందుకొచ్చింది.

"గెలిచానని అనలేను సార్. ఇరవై నలుగురు చాలరు. వేరేచోట్ల చేసినవాళ్లకీ ఇలాగే వచ్చింది కనక నమ్ముతున్నాను, కానీ ఇక్కడ మళ్లీ చేసి చూడాలి. నేను ఉన్నా లేకపోయినా చేయండి."

నాకు తల బాదుకోవాలనిపించింది. ఉద్యోగం గుమ్మం దాకా వస్తే ఎవరైనా ఇలా మాట్లాడతారా? మరుక్షణం, ఎవరైనా కాదు, ఈమే మాట్లాడుతుంది అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇనొకుమ గారు బల్లమీది ఫలితాల కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఆయన ఇరవయ్యేళ్ల శ్రమ ఆ కాగితం మీద ఉంది.

"ఓడినవాడు ఓడానని అరుస్తాడు. గెలిచినమ్మాయి ఇంకా గెలవలేదంటుంది," అని గొణిగారు. "మీ ఇద్దరితో వేగడం నావల్ల కాదు. వచ్చే ఏడు అందరికీ నాలుగు వారాలు. ఇద్దరూ కలిసి నడపండి. ఈ అమ్మాయిని వదులుకోకూడదని డీన్‌కి నేనే రాస్తాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సోమవారం పేపరు ముందు నాకు పంపమ్మా. చదువుతాను."

ఆ సాయంత్రం బస్సు స్టాపులో ఎప్పుడూ లేనిది ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. వాన సన్నగా మంచుగా మారుతోంది.

"ఇంక వాదించడానికేమీ లేదా?" అందామె.

"ఒకటుంది. కనోకో గారూ..." ఇంటిపేరుతో కాకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నాకు మీరంటే ఇష్టం. చాలా. ఇవాళ అంతమందిలో మీరలా నిలబడితే, ఈమె నా మనిషైతే ఎంత బాగుండు అనుకున్నాను."

ఆమె నేలకేసి చూస్తూ, పెదవుల మీదికొచ్చిన నవ్వుని బిగబట్టింది.

"ఒక్క మనిషి చెప్తే దాన్ని అనుభవం అంటారు సార్. ఆధారం అనరు."

"ఎంతమంది చెప్పాలి?"

"కనీసం ఇంకొకరు. విడిగా, మొదటివాళ్లని అడక్కుండా, అదే తేల్చి ఉండాలి."

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఎక్కలేదు. డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.

"నేను చేపల కూర తిన్నరోజే తేల్చుకున్నాను," అంది కనోకో. "మీరే ఆలస్యం."