ఆచారి గొంతు

ఈ కథ నాకు మొదట చెప్పింది వక్కలగడ్డ రాజేశ్వరమ్మ. బందరులో రోల్డ్ గోల్డ్ టోకు దుకాణం నడిపిన మనిషి. చెప్పి, ఎక్కడా అనకు అని ఒట్టు కూడా వేయించుకోబోయింది. నేను వెయ్యలేదు. పూత పనివాళ్ళ సంఘం మీటింగులో ఇదే కథని తలకిందులు చేసి, ఆచారినే దొంగని చేసి చెప్పి జనాన్ని నవ్వించిన పెద్దమనుషులున్నారు. వాళ్ళ మొహాలు నాకు బాగా గుర్తు. అందుకే జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను.

ఆ ఏడు పారిస్ వంతెనల మీద మనుషుల మాట వినబడటం మానేసింది. జనం లేక కాదు. ఇసకేస్తే రాలనంత జనం. కాని ఎవరి చెవిలో చూసినా శనగగింజంత మిషను. కొత్తవాడు పలకరిస్తే తల తిప్పేవాళ్ళు కారు. బొమ్మలమ్ముకునేవాడు నోరు మూసుకుని బొమ్మ ఊపేవాడు. దారి అడగాలన్నా జనం జంకేవాళ్ళు.

ఆ గింజ పేరు మెలకువ. దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి బందరు బంగారు పూత పనివారల సంఘం టూరుతో కలిసి వచ్చింది. తెలుగు మాట్లాడే మెలకువని మొట్టమొదట పరీక్షించేది ఈ ఇరవై ఆరుమంది చెవుల్లోనే. బస్సులో మైకు పట్టుకుని ఓపిగ్గా చెప్పింది.

"పై దేశాల్లో మోసాలు చాలా రకాలు. పోలీసునని చెప్పి పాస్‌పోర్టు అడుగుతాడొకడు. స్నేహం అంటూ చేతికి దారం కట్టి డబ్బు లాగుతాడు ఇంకొకడు. మీటరు పాడైందనే టాక్సీవాడు సరేసరి. అన్నిటికీ పెట్టుబడి ఒకటే, మాట. అలాంటి మాటలు లక్షల కొద్దీ రికార్డు చేసి దీనికి నేర్పించాం. కొత్త మనిషి తనంతట తానొచ్చి, విలువైన వస్తువు పేరెత్తి, ఊరికే ఇస్తానని తొందర పెడితే, గింజ మీ చెవిలో 'మోసం' అంటుంది. నిజమే అనిపిస్తే మీరు దాన్ని ఒకసారి నొక్కండి. ముగ్గురు నొక్కితే ఆ గొంతు జాబితాకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి ప్రపంచంలో ఏ మెలకువా ఆ గొంతుని చెవిలోకి రానివ్వదు. వినబడని మాటకి ఎవరూ మోసపోరు కదండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనిది కొండోజు వీరభద్రాచారి ఒక్కడే. డెబ్బై మూడేళ్ళ మనిషి, చిలకలపూడిలో యాభై ఏళ్ళ పూత పని.

"నాకొద్దు డాక్టరమ్మా," అన్నాడు. "పుట్టి బుద్ధెరిగాక నకిలీ చేసి బతికినవాణ్ణి. నకిలీని నాకొకరు చూపించాలా?"

"మీరు పెట్టుకోకపోతే మానె. అమ్మగారికి పెట్టనివ్వండి. దీంతో వినికిడి కూడా పెరుగుతుంది."

ఆయన భార్య మాణిక్యాంబకి ఆరేళ్ళుగా చెవుడు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేనే ఏదో కొంత. ఆచారి అలా అరిచి అరిచి, ఇంట్లో మాటలే తగ్గించేశాడు. ఇప్పుడు గింజ చెవిలో పెట్టగానే ఆవిడ ఉలిక్కిపడి బస్సంతా కలయజూసింది.

"ఎవరో ఉంగరాలు తీసి పెట్టుకుంటున్నారు. ఆ చప్పుడు కూడా వినబడుతోందండీ!"

"నా మాట వినబడుతోందా?" అన్నాడు ఆచారి మెల్లిగా.

"ఎందుకు వినబడదూ? ఇందాక నా గురించి గొణిగింది కూడా వినబడింది. ఇహ నోరు దగ్గర పెట్టుకోండి."

బస్సంతా గొల్లుమంది. ఆచారి నవ్వలేదు గాని, దారి పొడుగునా ఆవిడతో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. అటు చూడవే ఆ గడియారం, ఇటు చూడవే ఈ గుర్రం. ఆరేళ్ళ బాకీ ఆ మాటలు.

ఆయన సంగతి ఇంకొకటి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. దుకాణంలో చిన్న ముక్కుపుడక అమ్మినా సరే, వస్తువు కొన్నవాళ్ళ అరచేతిలో పెట్టి, చెయ్యి మూసి, "ఇది బంగారం కాదు, పూత" అని నోటితో చెప్పేవాడు. ఆ తరవాతే డబ్బు ముట్టుకునేవాడు. తండ్రి పెట్టిన కట్టుబాటు అది. పక్క దుకాణాలవాళ్ళు నవ్వేవాళ్ళు. "చెప్పి అమ్మితే పనితనం, చెప్పకుండా అమ్మితే దొంగతనం. మధ్యలో ఇంకేం లేదు" అనేవాడు.

నది మీద పెద్ద వంతెన దగ్గర బస్సు ఆగింది. రాజేశ్వరమ్మ ముందు నడుస్తోంది. గళ్ళ కోటు వేసుకున్న ఒకతను ఆమె కాళ్ళ దగ్గర వంగి ఉంగరం ఒకటి ఎత్తాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళు పెద్దవి చేశాడు, ఉంగరం ఎండలో తిప్పాడు, లోపల ముద్ర చూపించాడు. తన వేలికి పట్టదని సైగ చేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆనక పొట్ట తడుముకుని, ఆకలి అన్నట్టు చెయ్యి చాచాడు.

రాజేశ్వరమ్మకి అనుమానం రాకపోలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ వ్యాపారంలో ఉన్న మనిషికి రాకుండా ఎలా ఉంటుంది? కాని చెవిలో మెలకువ పలకలేదు. అది పలకలేదంటే మోసం కాదనే కదా, అనుకుంది. చేతిలో బరువు చూడలేదు, గీటురాయి అడగలేదు. యాభై యూరోల నోటు తీసి ఇచ్చింది. అతను దండం పెట్టి జనంలో కలిసిపోయాడు.

నిజమైన మోసగాళ్ళు అప్పటికే నోరు కట్టేసుకున్నారని డాక్టరమ్మకి ఇంకా తెలియదు.

"ఏదమ్మా, ఇలా ఇవ్వండి," అంటూ ఆచారి వచ్చి ఉంగరం తీసుకున్నాడు. అరచేతిలో ఒకసారి ఎగరేశాడు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇత్తడి. పూత కూడా ఒక్కసారి ముంచి తీసిందే. మన వీధిలో పని నేర్చుకునేవాడు చేసినా ఇంతకంటే నయంగా ఉంటుంది. రాజేశ్వరమ్మ గారూ, మీరు కూడానా? బందరు పరువు వంతెన మీద తీసేశారే!"

చుట్టూ ఉన్న సంఘంవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు రాజేశ్వరమ్మ మొహాన కొట్టినట్టయింది. అదే క్షణంలో చెవిలో గింజ పలికింది. "మోసం. ఈ మనిషి మీ చేతిలోని బంగారు వస్తువు తీసుకుని విలువ తగ్గించి చెబుతున్నాడు. నిజమైతే నొక్కండి."

ఆమె నొక్కింది. పొరపాటున కాదు. ఆ మాట నాతో ఆమే ఒప్పుకుంది. "వేలు దానంతట అది పోయింది" అంది ముందు. ఆగి, "కాదులే, నేనే పోనిచ్చాను" అంది.

ఆచారి అక్కడితో ఊరుకోలేదు. అలాంటి ఉంగరాలు వంతెన మీద ఇంకా ఎన్ని చేతులు మారుతున్నాయో అని ఆయన ప్రాణం కొట్టుకుంది. నకిలీ వస్తువు తన కళ్ళ ముందు బంగారంగా చలామణీ అవుతుంటే నోరు మూసుకోవడం ఆయన పుట్టుకలో లేదు. ఉంగరం ఎత్తి పట్టుకుని, కనబడ్డ ప్రతి తెల్లవాడి దగ్గరకీ వెళ్ళి, అలవాటు కొద్దీ వాళ్ళ అరచేతిలో పెట్టి, చెయ్యి మూసి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ అన్నాడు. "గోల్డ్, నో! సీ, సీ! మనీ నో, ఫ్రీ!"

గింజకి కావలసినవన్నీ ఉన్నాయి అందులో. తనంతట తానొచ్చిన కొత్త మనిషి, ఉంగరం, బంగారం, ఊరికే, తొందర. టోపీ పెట్టుకున్న ఒకావిడ చెయ్యి విదిలించుకుని చెవి నొక్కింది. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకాయన నొక్కాడు.

ముగ్గురయ్యారు.

ఆచారి బస్సెక్కి భార్య పక్కన కూర్చున్నాడు. "చూశావుటే, ఆ ఉంగరం..." అంటూ మొదలుపెట్టాడు.

మాణిక్యాంబ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "ఏవండీ, పెదాలు ఆడిస్తారేం? వంతెన మీద అరిచి గొంతు పోయిందా?"

"పోలేదే. ఉంగరం ఇత్తడిదని చెబుతున్నా."

"చాల్లెండి ఆ మూగ నాటకం. అందరూ చూస్తున్నారు."

అప్పుడు ఆయన కేకేశాడు. బస్సులో ఒక్కరూ తల తిప్పలేదు. డ్రైవరు మాత్రం అదిరిపడి వెనక్కి చూశాడు. అతని చెవిలో గింజ లేదు.

డాక్టర్ హైమవతి వచ్చి తన గింజ తీసి పక్కన పెట్టింది. ఆచారి చెప్పిందంతా విని, ఫోనులో జాబితా తెరిచి చూసి తల దించుకుంది.

"మీ గొంతు ఎక్కింది ఆచారి గారూ. తప్పు జరిగింది, నాకు తెలుస్తూనే ఉంది."

"తెలిస్తే తీసెయ్యండి."

"నేనొక్కదాన్నే తీసేలా పెట్టలేదండి. లంచమిచ్చి తీయించుకుంటారని భయపడ్డాం. అర్జీ పెట్టుకోవాలి. ఆ గొంతు గలవాడే, గొంతుతోనే పెట్టాలి."

"పెడతాను. ఎవరికి చెప్పాలి?"

"మెలకువకే. కాని మీ గొంతు దానికిప్పుడు వినబడదు."

"ఉంగరమిచ్చినవాడు నోరు మెదపలేదు, వాడు దొర. నిజం చెప్పినవాణ్ణి నేను, దొంగని. బాగుంది తల్లీ మీ చదువు."

"ఇంకో దారి ఉంది. నొక్కిన ముగ్గురిలో ఏ ఒక్కరైనా గింజని నొక్కి పట్టుకుని, నా ఫిర్యాదు తప్పు అంటే చాలు. ఎవరు నొక్కారో మాత్రం మాకు కూడా తెలియదు. ఫిర్యాదు చేసినవాళ్ళని దొంగలు బెదిరించకూడదని ఆ ఏర్పాటు." ఆమె బస్సంతా వినబడేలా అడిగింది. "మీలో ఎవరైనా ఆచారి గారి మాట వింటూ గింజ నొక్కారా? నొక్కితే చెప్పండి. తప్పేమీ లేదు."

రాజేశ్వరమ్మ కిటికీలోంచి నది చూస్తూ కూర్చుంది.

బందరు వచ్చాక రెండేళ్ళు తిరక్కుండా మెలకువ ఊరంతా పాకింది. బజారుకి వెళ్ళాలన్నా, ఫోనెత్తాలన్నా చెవిలో గింజ ఉండాల్సిందే. ఆచారి దుకాణానికి వచ్చినవాళ్ళ అరచేతిలో గొలుసు పెట్టి, చెయ్యి మూసి, "ఇది బంగారం కాదు, పూత" అనేవాడు. వాళ్ళు నవ్వుతూ డబ్బు తీసేవాళ్ళు. చెప్పిన మాట చెవిన పడలేదని తెలిసి ఆయన గొలుసు వెనక్కి లాక్కునేవాడు. బోర్డు రాయించి పెట్టు మావా, అన్నారు పక్కవాళ్ళు. "బోర్డు గోడకి చెబుతుంది. నేను మనిషికి చెబుతాను" అన్నాడు. నెల తిరిగేసరికి కొలిమి ఆర్పేశాడు. పక్క దుకాణాల్లో బేరాలు మాటా పలుకూ లేకుండా ఇంకా బాగా సాగాయి.

మాణిక్యాంబ మొదట్లో ఆయన నోరు కదిపినప్పుడల్లా గింజ తీసి, ఎడమ చెవి ఆయన నోటి దగ్గర పెట్టేది. "చెప్పండి" అనేది. ఆయనకి రోషం వచ్చింది.

"నా మాట వినడానికి దాన్ని తియ్యాలా? నా పేరు బాగుపడేదాకా నేను మాట్లాడను" అని అరిచాడు ఆ చెవిలో.

ఆ తరవాత మాట్లాడలేదు. కొన్నాళ్ళు ఆవిడ తీస్తూ, పెడుతూ చూసింది. ఆరేళ్ళ తరవాత దొరికిన లోకం కదా. పాలవాడి కేక, కుక్కర్ కూత, మనవరాలి కబుర్లు. మాట్లాడని మనిషి కోసం అవన్నీ ఎన్నిసార్లు తీసి పక్కన పెడుతుంది? క్రమంగా తియ్యడం మానేసింది. ఇప్పుడు ఒకే మంచం మీద కూర్చుంటారు. ఆయన అప్పుడప్పుడు తనలో తను ఏదో గొణుక్కుంటాడు. వెనక ఆవిడకి అలాంటి గొణుగుడు వినబడింది, పారిస్ బస్సులో, ఒక్క పూట.

రాజేశ్వరమ్మ నా దగ్గర ఏడ్చిన మాట నిజం. ఏడిస్తే జాబితాలోంచి ఆచారి పేరు పోదు. ఆమె గింజ ఇంకా ఆమె చెవిలోనే ఉంది. సంఘంలో మళ్ళీ నవ్వుతారని భయం. ఇత్తడిని బంగారమని కొన్న టోకు వ్యాపారి అంటారని భయం. ఇప్పుడు నేను చెప్పేశాను కాబట్టి ఆ భయం తీరిపోయింది. ఇక మిగిలింది ఒక్క నొక్కు.

ఇది చదివేవాళ్ళలో ఆమె చుట్టాలు గాని, ఇరుగుపొరుగు గాని ఎవరైనా ఉంటే, ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళండి. ఆమె వేలు ఆ గింజ మీద పెట్టించి, నా ఫిర్యాదు తప్పు అని అనిపించండి. ఆచారికి డెబ్బై తొమ్మిది వెళ్ళబోతున్నాయి. బంగారం కాదని చెప్పినందుకే ఆయన దొంగయ్యాడని ఆ ఫిర్యాదు పక్కన రాయించండి. నేను వెళ్ళి అడిగాను, తలుపు తియ్యలేదు. మీరు అడగండి.